అమెరికా అమ్మాయి - కెనడా సీటు

మా ఇంట్లో సీటు అనే మాటకూ మిరప ధర అనే మాటకూ పెద్ద తేడా లేదు. ఏడాదంతా చేలో పడి కష్టపడినా, గుంటూరు యార్డుకు టిక్కీలు తోలిన రోజున ఏ ధర పలుకుతుందో ఎవరూ చెప్పలేరు. పన్నెండేళ్ళు చదివినా ఏ కాలేజీలో సీటొస్తుందో అదీ అంతే. ఇది మా నాన్నగారి సిద్ధాంతం. ఎంట్రన్సు ర్యాంకుకు నేను కోరుకున్న ఇంజనీరింగు సీటు రాక, ఇక్కడ బి.ఎస్సి.లో చేరిన నాడు కూడా ఆయన "మన రాత ఇంతేరా" అని ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. కాని ఈమధ్య ఆ సిద్ధాంతం మీద నాకు అనుమానం పుట్టింది. దానికి కారణం మా అన్నయ్య కూతురు.

మా పెదనాన్నగారి అబ్బాయి టెక్సాసులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన కూతురు అక్కడే పుట్టింది, అమెరికా పౌరురాలు. నాకంటే మూడేళ్ళే చిన్నదైనా వరస ప్రకారం నన్ను "బాబాయ్" అని పిలుస్తుంది. ఆ పిల్ల కెనడాలో ఇంజనీరింగు చదువుతానని పట్టుబట్టింది. కబురు ఊరు చేరేసరికి మా అరుగు మీద పెద్ద చర్చ. "అమెరికాలో కాలేజీలే కరువయ్యాయా?" అని ఒకరు. "అమెరికా పిల్ల వస్తానంటే కెనడావాళ్ళు కాళ్ళు కడిగి తీసుకోరూ?" అని ఇంకొకరు. ఇంట్లో సైన్సు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే గనుక, సంగతేమిటో కనుక్కోమని పెదనాన్న నాకు పురమాయించారు.

నిజానికి అమెరికా యువకులు కెనడా దారి పట్టడం కొత్త కాదు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో చేరడం ఇష్టంలేక వేలాదిమంది సరిహద్దు దాటారు. వాళ్ళ సైనిక బాధ్యతల గురించి సరిహద్దులో అడగరాదని 1969లో కెనడా ప్రభుత్వం నిర్ణయించింది. మళ్ళీ 2025లో, అమెరికా విశ్వవిద్యాలయాలకూ అక్కడి ప్రభుత్వానికీ తగవులు ముదిరినప్పుడు, పై చదువులకు కెనడా వైపు చూసే అమెరికన్లు పెరిగారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఆ ఏప్రిల్‌లో అమెరికా వాళ్ళకోసం కొన్ని కోర్సుల దరఖాస్తులను వారం రోజులపాటు మళ్ళీ తెరిచింది కూడా.

సరే, సీటు వచ్చే అవకాశమెంత? అందరూ అడిగేది ఒక్కటే: "నూటికి ఎంతమందికి ఇస్తారు?" నేనూ మొదట అదే వెతికాను. తర్వాత నవ్వొచ్చింది. మండలం సగటు వర్షపాతం బాగుందని పేపర్లో వేస్తారు. ఆ సగటు మా చేనికి ఒక్క తడి కూడా ఇవ్వదు. విశ్వవిద్యాలయం మొత్తానికి చెప్పే శాతమూ అంతే. ఒకే విశ్వవిద్యాలయంలో చరిత్రకు సీటు రావడం వేరు, కంప్యూటర్ సైన్సుకు రావడం వేరు. ఏ విశ్వవిద్యాలయం అని కాదు, ఏ కోర్సు అని అడగాలి.

కెనడాలో దేశమంతటికీ కలిపి ఎంట్రన్సు పరీక్ష లేదు. కేంద్రంలో విద్యామంత్రిత్వ శాఖే లేదు. చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఆంటారియో రాష్ట్రంలో స్థానిక విద్యార్థుల 12వ తరగతిలోని ఆరు సబ్జెక్టుల మార్కులు ముఖ్యం. బయటివాళ్ళ మార్కులనూ అదే దృష్టితో తూస్తారు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో చాలా కోర్సులకు వ్యాసాలూ అడగరు, సిఫారసు ఉత్తరాలూ అడగరు, మార్కులే చూస్తారు. బ్రిటిష్ కొలంబియాలో మార్కులతోపాటు విద్యార్థి తన గురించి తాను రాసే జవాబులు కూడా చదువుతారు.

అమెరికాలోని పేరుమోసిన విశ్వవిద్యాలయాల దారి వేరు. అక్కడ మార్కులతోపాటు వ్యాసం, ఆటలు, సంగీతం, సమాజసేవ అన్నీ కావాలి. కొన్నిచోట్ల తల్లిదండ్రులు అక్కడే చదివి ఉంటే అదీ కలిసొస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో హార్వర్డు దరఖాస్తుదారుల్లో నూటికి దాదాపు నలుగురికి మాత్రమే సీటిచ్చింది. రానివాళ్ళకు ఎందుకు రాలేదో తెలియదు. ఇదే మా నాన్నగారి మిర్చి యార్డు!

మా అమ్మాయి ఈ అమెరికా పద్ధతికే తయారైంది. పియానో నేర్చింది, ఆసుపత్రిలో సేవ చేసింది, వ్యాసం పదిసార్లు తిరగరాసింది. మార్కులకూ లోటు లేదు. తీరా నేను ఆంటారియో ఇంజనీరింగు నిబంధనలు చదివితే గణితం, రసాయన శాస్త్రంతోపాటు 12వ తరగతి స్థాయి భౌతిక శాస్త్రం ఉండితీరాలి. ఈ పిల్ల చివరి రెండేళ్ళలో ఫిజిక్సు తీసుకోనేలేదు. "బాబాయ్, ఇంత చేశాను కదా, ఆ ఒక్కటీ చూసీచూడనట్టు వదిలేయరా?" అని ఫోన్లో అడిగింది. వదలరు. పియానో ఎంత బాగా వాయించినా ఫిజిక్సు లేని లోటు తీరదు.

ఇంకో తమాషా. మెక్‌గిల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో హైస్కూలుకూ విశ్వవిద్యాలయానికీ మధ్య మన ఇంటర్మీడియట్ లాంటిది ఒకటుంది. దాన్ని సెజెప్ అంటారు, 1967లో మొదలైంది. అది చదివిన స్థానికులకు డిగ్రీ మామూలుగా మూడేళ్ళు. అమెరికా నుంచి వచ్చేవాళ్ళకు నాలుగేళ్ళు. మనకు డిగ్రీ మూడేళ్ళని చిన్నచూపు చూసేవాళ్ళు ఈ లెక్క ఒకసారి గమనించాలి.

నా అభిప్రాయం ఇది. సబ్జెక్టులు ఇవి, మార్కులు ఇంత అని ముందే చెప్పే పద్ధతి, చెప్పేవాళ్ళు లేని ఇంటి పిల్లలకు మేలు. "నీలోని నాయకత్వ లక్షణాలు వివరించు" అంటే మా ఊరి పిల్లకు ఏం రాయాలో తోచదు. "ఫిజిక్సు కావాలి" అంటే మాత్రం తెలుస్తుంది.

మా హాస్టల్ మిత్రుడొకడు దీన్ని ఒప్పుకోలేదు. "ఆ ఫిజిక్సు చెప్పే మాస్టారే ఊళ్ళో లేకపోతే?" అన్నాడు. ఆ మాట నా నోరు మూయించింది. అమెరికాలో కూడా క్యాలిక్యులస్ చెప్పని హైస్కూళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి బడిలో చదివిన పేద పిల్లకు నిబంధన ముందే తెలిసినా లాభమేమిటి? కనుక నిబంధన ప్రకటించినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. అయితే, తెలిసిన అడ్డంకిని దాటడానికి కనీసం ఒక ప్రయత్నం చేయవచ్చు. తెలియనిదానితో ఎలా పోరాడటం?

ఇక రెండో అడ్డంకి డబ్బు. టొరంటో విశ్వవిద్యాలయంలో ఆర్ట్సు, సైన్సు కోర్సులకు ఆంటారియో విద్యార్థి ఏడాదికి దాదాపు 6 వేల కెనడా డాలర్లు కడితే, విదేశీ విద్యార్థి 60 వేల పైచిలుకు కట్టాలి. పక్కింటి అమెరికా కూడా విదేశమే. అమెరికా ప్రభుత్వమిచ్చే చదువు అప్పు అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాల్లో చెల్లుతుంది కాని, పేదలకిచ్చే పెల్ గ్రాంటు మాత్రం సరిహద్దు దాటదు. అమెరికాలోని పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయాలతో పోలిస్తే ఆ 60 వేలు తక్కువే. కలవారికి అది బేరం, మిగతావారికి గోడ. దీనికితోడు 2024లో కెనడా విదేశీ విద్యార్థుల అనుమతులకు పరిమితి పెట్టి, ఆ ఏడాది సంఖ్యను 2023కన్న 35 శాతం తగ్గించాలనుకుంది. అమెరికన్లకు వీసా అక్కర్లేదు కాని చదువు అనుమతి తప్పదు.

చివరికి ఏమైంది? ఇంజనీరింగు మానుకుని గణితానికి దరఖాస్తు పెట్టింది. సీటొచ్చింది! మా పెదనాన్న ఊరంతా మిఠాయి పంచారు. వారం తర్వాత అన్నయ్య ఫీజుల లెక్క వేసుకుని, ఆ పిల్లను సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయంలోనే చేర్చాడు. "అవకాశం ఉందని తేలింది కదా బాబాయ్, అది చాలు" అంది. గొంతు మాత్రం చాలినట్టు లేదు.

మిత్రులారా, ఈ కథంతా చెప్పింది మిమ్మల్ని కెనడాకు పంపడానికి కాదు. ఇన్నాళ్ళూ రాత అనుకున్నదాంట్లో సగం, ఎవరూ చదవని నిబంధన అని నాకు అర్థమైంది. వచ్చే ఏడు నేను ఎం.ఎస్సి.కి దరఖాస్తు పెట్టాలి. ఈసారి నోటిఫికేషను చివరి పంక్తి దాకా చదివి, నాన్నగారికి కూడా వినిపించాను. "ఇదంతా ముందే రాసి పెడతారా?" అని ఆశ్చర్యపోయారు. మన విద్యార్థి సంఘానికి నాదొక మనవి: లైబ్రరీ ముందు ఒక బోర్డు పెట్టించండి. ఏ పై చదువుకు ఏ సబ్జెక్టులు కావాలో, ఫీజెంతో, గడువెప్పుడో మొదటి సంవత్సరం నాడే పిల్లలకు తెలియాలి. మిరప ధర మన చేతిలో లేదు. ఈ బోర్డు మన చేతిలో ఉంది.