కిడ్నీలు పోతే తప్పు తండాదేనా?



ఎ.కొండూరు మండలం లంబాడీ తండాల్లో కిడ్నీ జబ్బు మాట ఎత్తితే చాలు, బెజవాడలో చదువుకున్నోళ్లు కూడా ఒకటే అంటారు: "సారా తాగితే పోవా మరి?" మేం సారాని వెనకేసుకు రావట్లేదు. అది తండాల కొంపలు ముంచింది, నిజమే. కానీ సారా కాసే ఊళ్లు రాష్ట్రంలో ఎన్ని లేవు? అన్నిచోట్లా ఇలా వరసగా కిడ్నీలు పోతున్నాయా? శ్రీకాకుళం ఉద్దానంలో ఆడవాళ్లకూ వచ్చింది. శ్రీలంకలో వరి రైతులకు, నికరాగ్వాలో చెరకు కూలీలకు వచ్చింది. వాళ్లకి మన సారా ఎవరు పోశారు? బోరు నీళ్లు, ఎండలో చాకిరీ, పురుగుమందులు, రోజూ మింగే నొప్పుల బిళ్లలు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. ఇదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు. జబ్బు కారణం తేలకుండానే నేరం మాత్రం మన మీద ఎలా తేలింది?

ప్రకాశం బ్యారేజీ 1957 నుంచి డెల్టాలో 12 లక్షల ఎకరాలకు పైగా తడుపుతోంది. అదే జిల్లాలో మెట్టన ఉన్న తండాలు బోరు నీళ్లే తాగాయి. 2022లో జిల్లా పేరు మారింది, అప్పటికీ మనోళ్లు కృష్ణా నీళ్లు అడుగుతూనే ఉన్నారు.

"డయాలసిస్ ఉందిగా, నెలకి 10 వేలు పింఛనూ ఉందిగా" అంటారు. డయాలసిస్ జబ్బుని నయం చెయ్యదు, రోజులు నెట్టుకొస్తుంది అంతే. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రోగితోపాటు తోడెళ్లినోళ్ల కూలీ కూడా పోయినట్టే.

మరి మార్పిడి? 1994 చట్టం ప్రకారం మామూలుగా దగ్గరి బంధువు ఇవ్వాలి, లేదా జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల కిడ్నీ కోసం ఎదురుచూడాలి. బంధువంటే ఎవరు? అదే బోరు నీళ్లు తాగి, అదే చేలో పనిచేసిన తమ్ముడు. వాడి కిడ్నీ పనికొస్తుందని నమ్మకమేంటి? జీవన్‌దాన్ నుంచి పిలుపొస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి చేరాలి. తండా నుంచి ఏ బండి దొరుకుతుంది? ఆపరేషన్ అయ్యాక జీవితాంతం మందులు వాడాలి. ఈ లెక్క ఎవరూ చెప్పరు.

క్రియాటినిన్ పెరిగేసరికి దాదాపు సగం పని పోయినట్టే. అంతకంటే ముందే మూత్రంలో అల్బుమిన్ పరీక్ష కొందరిలో పట్టించొచ్చు, పెద్ద ఖర్చూ కాదు. ఉద్దానం ఏళ్ల తరబడి అరిస్తేగానీ 2023 డిసెంబరులో పలాసకి 200 పడకల ఆసుపత్రి రాలేదు. మనం అడిగేది ముందు ఈ పరీక్ష: ప్రతి తండాలో, ప్రతి గిరిజన హాస్టల్లో, ఏడాదికోసారి. నీళ్ల పరీక్ష కూడా. ఎంతమందికి ఉందో, నీళ్లలో ఏముందో గ్రామసభలో గోర్ బోలీలో చదివి వినిపించాలి. అప్పటిదాకా సారా కథ మాకు చెప్పొద్దు.