గణపతి స్తుతి తీసేసినవాళ్లు

మొన్న ఒక నాటకోత్సవంలో చర్చ విన్నాను. ఆసియా నగరాల్లో నాటకం మూలాలకు దూరమైపోతోందని పెద్దమనుషులు తెగ బాధపడ్డారు. ఇద్దరు ముగ్గురు విద్యార్థి మిత్రులు ఆ బాధను నోట్సు కూడా రాసుకున్నారు. ఈ భాగం వాళ్ల కోసమే.

ఎవరి మూలాలు? ముంబై సంగతే చూద్దాం. మరాఠీ తమాషా ఆడింది ఎక్కువగా మహార్, మాంగ్ కులాలవాళ్లే. ఆట 'గణ్'తో, అంటే గణపతి స్తుతితో మొదలవుతుంది. తర్వాత కృష్ణుడూ గొల్లభామలూ. గుడి మెట్టెక్కనివ్వని దేవుడికే మొదటి దండం! ఊళ్లో జాతర చేయించేది పాటిల్. అతని ముందు ఆ స్తుతి వదిలేయడం కుదిరేపనేనా?

వదిలేసింది నగరంలో. మాంగ్ కులంలో పుట్టి, మిల్లులో పనిచేసిన అన్నాభావు సాఠే 1944లో అమర్ షేక్, గవాణ్‌కర్‌లతో కలిసి లాల్ బావటా కళాపథక్ పెట్టాడు. గణపతి స్థానంలో మాతృభూమికీ శివాజీకీ వందనం పెట్టాడు. చూసింది మిల్లు కార్మికులు. (మన తెలంగాణ నుంచి వలసపోయినవాళ్లూ ఆ మిల్లుల్లో ఉన్నారు.) స్వాతంత్య్రం వచ్చిన కొత్తలోనే బొంబాయి ప్రభుత్వం తమాషాను నిషేధించింది. ఆయన లోకనాట్యం అని పేరు మార్చి ఆడాడు. సంప్రదాయం చచ్చిందా? నాకైతే అప్పుడే దానికి నోరొచ్చిందనిపిస్తుంది.

1984లో సంగీత నాటక అకాడమీ, జానపద రూపాలతో నాటకం చేసే యువ దర్శకులకు సాయం మొదలుపెట్టింది. మన అడుగులు, మన డప్పు ఆడిటోరియంలోకి వెళ్లాయి. డప్పు కొట్టేవాడు మాత్రం చాలాసార్లు బయటే ఉండిపోయాడు.

2012లో వచ్చిన 'శివాజీ అండర్‌గ్రౌండ్ ఇన్ భీమ్‌నగర్ మొహల్లా' వేరే దారి. ఆలోచన, పాట శంభాజీ భగత్‌ది, రచన రాజ్‌కుమార్ తాంగడేది, దర్శకత్వం నందు మాధవ్‌ది. నటుల్లో చాలామంది జాల్నా ప్రాంతపు రైతులు. శివాజీ తలపాగా పోగొట్టుకున్న యముడు, అది ఎవరి తలకు సరిపోతుందా అని వెతుకుతాడు. శివాజీ పేరు మీద రాజకీయం నడిచే నగరంలోనే నిలబడి, శివాజీ ఎవరివాడని నవ్విస్తూ నిలదీశారు.

ఒక కాలేజీ పిల్లలు ఫెస్ట్‌కు చిందు మేళాన్ని పిలవాలనుకుంటున్నామని అడిగారు. పిలవండి. గద్దం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చాక అందరికీ చిందు గుర్తొచ్చింది, సంతోషమే. కానీ ముఖ్య అతిథి వచ్చేదాకా గడపడానికి పది నిమిషాల ఐటెంగా పిలవొద్దు. రాత్రంతా ఆట ఇవ్వండి. జాంబపురాణమా ఇంకోటా, ఏం ఆడాలో వాళ్లనే చెప్పమనండి. డబ్బు సంగతి ముందే మాట్లాడండి, శాలువాతో సరిపెట్టొద్దు.