ఇగ్బో నవలలో తండ్రీ కొడుకులు

పశ్చిమాఫ్రికాలోని నైజీరియా దేశపు ఆగ్నేయ భాగం ఇగ్బో ప్రజల నివాసభూమి. పూర్వం వీరి గ్రామాలలో చాలావాటికి రాజు ఉండేవాడు కాదు. పెద్దలు ఒకచోట కూర్చుని, అందరి మాటా విని తీర్పు చెప్పేవారు. పెండలం వీరి ప్రధానమైన పంట. మనిషి స్తోమతను అతడు నిల్వ చేసిన పెండలపు దుంపలను బట్టి, పొందిన బిరుదులను బట్టి లెక్కించేవారు. పంతొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలోను, ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలోను క్రైస్తవ మిషనరీలు, ఆంగ్లేయుల పాలన ఈ గ్రామాలలో ప్రవేశించాయి. ఆ మార్పు ఊరి సభలో కంటె పదునుగా ఇంటి లోపల, తండ్రికీ కొడుకుకీ నడుమ వ్యక్తమైందని ఇగ్బో నవలాకారులు గ్రహించారు. వారిలో అగ్రగణ్యుడు చినువా అచెబె.

అచెబె 1930లో జన్మించి 2013లో మరణించారు. ఆయన తండ్రి క్రైస్తవ మతబోధకుడు. బంధువులలో పాత దేవతలను కొలిచేవారూ ఉండేవారు. కనుక రెండు లోకాలనూ ఆయన బాల్యంలోనే చూశారు. 1958లో వెలువడిన ఆయన తొలి నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ను పాత సంస్కృతికీ కొత్త మతానికీ జరిగిన యుద్ధంగా వర్ణించడం పరిపాటి. తండ్రి పాతదనానికి, కొడుకు కొత్తదనానికి ప్రతినిధులని చెప్పి ఊరుకుంటారు. ఈ వ్యాఖ్యానం నాకు సంతృప్తి కలిగించదు. నవలను శ్రద్ధగా చదివితే కొడుకు ఇల్లు విడిచిన కారణం మిషనరీలు రాకముందే ఆ ఇంట్లో సిద్ధమై ఉన్నదని తెలుస్తుంది.

కథ నిజానికి మూడు తరాలది. ఉనోకా వేణువు వాయించేవాడు, మాటకారి, అప్పులపోతు. తన బాకీలను గోడమీద సుద్దగీతలతో గుర్తు పెట్టుకునేవాడు. బాకీ అడగడానికి వచ్చిన పొరుగువానికి ఆ గీతలు చూపి, ముందు పెద్ద అప్పులు తీర్చాలి గనుక నీ చిన్న అప్పుకు ఇంకా వేళ కాలేదని నవ్వుతూ చెప్పగల ఘనుడు! అతని కుమారుడు ఒకొంక్వో. బిరుదు లేని పురుషుణ్ణీ, స్త్రీనీ ఒకే మాటతో పిలిచే సమాజం అది. ఆ మాటతో తన తండ్రిని తోటి బాలుడొకడు ఎగతాళి చేయగా విన్న ఒకొంక్వో దానిని జీవితాంతం మరవలేదు. తండ్రి ప్రేమించిన వాటినన్నింటినీ ద్వేషించాడు. సోమరితనాన్ని ద్వేషించాడు, దానితోపాటు మృదుత్వాన్ని కూడా ద్వేషించాడు. పదునైన శ్రమతో గొప్ప కుస్తీవీరుడు, సంపన్నుడు అయ్యాడు. కానీ అతని శౌర్యమంతా తండ్రిలా అవుతానేమో అన్న భయం మీద నిలబడినది.

ఒకొంక్వో పెద్దకొడుకు న్వోయే. వానికి తల్లి చెప్పే కథలంటే ఇష్టం. ఆ కథలలో ఒకటి భూమ్యాకాశాల తగవును గురించినది. అలిగిన ఆకాశం ఏడేళ్లు వాన కురిపించదు. నేల ఎండి రాయి అవుతుంది. అప్పుడు రాబందు వెళ్లి మనుషుల బాధను పాటగా పాడి ఆకాశం మనసు కరిగిస్తుంది. తండ్రి మాత్రం కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని యుద్ధాల కథలు, నెత్తుటి కథలు చెప్పేవాడు. తండ్రికి సంతోషం కలుగుతుందని న్వోయే తల్లి కథలు నచ్చనట్లు నటించడం నేర్చుకున్నాడు. పిల్లవాడు తనకు ప్రియమైన దానిని దాచుకోవలసి రావడం చిన్న విషయంగా కనిపించవచ్చు. నా దృష్టిలో ఈ నవలలోని పెనుదుఃఖానికి మూలం అక్కడే ఉన్నది.

ఆ ఇంట్లో ఇకెమెఫునా అనే బాలుడు మూడేళ్లు పెరిగాడు. వేరొక ఊరివారు హత్యాపరిహారంగా ఇచ్చిన పిల్లవాడు. న్వోయేకు అన్నవంటివాడు, ఒకొంక్వోను నాన్నా అని పిలిచినవాడు. దేవవాక్కు వాణ్ణి చంపమన్నది. ఊరి వృద్ధుడు ఎజెవుదు వచ్చి, ఆ పనిలో నీ చెయ్యి ఉండకూడదని ఒకొంక్వోను హెచ్చరించాడు. అతడు ఆగలేదు. బలహీనుడని అనుకుంటారన్న భయంతో తానే కత్తి దూశాడు. ఆ రాత్రి తండ్రి ముఖం చూడగానే న్వోయేకు సంగతి అర్థమైంది. వాని లోపల ఏదో తెగిపోయింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ దోషం నుండి తప్పుకొనే దారిని చూపినది ఆ సంప్రదాయంలోని పెద్దమనిషే. కాబట్టి ఒకొంక్వోను సంప్రదాయానికి సంపూర్ణ ప్రతినిధిగా భావించడం ఆ సంప్రదాయానికి అన్యాయం చేయడమే.

తరువాత ఏళ్లకు మిషనరీలు వచ్చారు. వారి సిద్ధాంతాలు న్వోయేకు అంతుపట్టలేదు. వానిని ఆకర్షించినది ఒక పాట, చీకటిలో కూర్చున్న అన్నదమ్ములను గురించిన పాట. ఎండి వగరుస్తున్న నేల మీద కరిగే వడగళ్లతో అచెబె ఆ పాటను పోల్చారు. తల్లి చెప్పిన కథలోని వాన ఇక్కడ మళ్లీ కురిసిందని నాకు తోస్తుంది. ఇంట్లో నోరు మూయించిన పాట వానికి పరాయివారి గుడిలో వినిపించింది. ఈ సంగతి తెలిసిన ఒకొంక్వో కొడుకు గొంతు పట్టుకున్నాడు, దుడ్డుకర్రతో కొట్టాడు. మేనమామ ఉచెందు గద్దించగా వదిలిపెట్టాడు. న్వోయే మాట్లాడకుండా నడిచి వెళ్లాడు, మరి తిరిగి రాలేదు.

ఇలా చెప్పడం వలన పరాయి పాలకుల తప్పు లేదని అర్థం కాదు. ఏ తండ్రీ ఏ కొడుకునూ కొట్టకపోయినా అబామె గ్రామం మీదికి తుపాకులు వచ్చి ఉండేవే. పెద్దలను మాటలాడడానికని పిలిచి సంకెళ్లు వేసిన న్యాయస్థానానికి కుటుంబ కలహంతో పని లేదు. అయితే తుపాకి ఊరిని లొంగదీయగలదు గాని కొడుకు మనసును తండ్రి నుండి తుంచలేదు. ఆ పని తండ్రే చేశాడు.

అచెబె రెండవ నవల ‘నో లాంగర్ ఎట్ ఈజ్’ 1960లో వచ్చింది. ఇందులో న్వోయే వృద్ధుడు. పేరు ఐజాక్ ఒకొంక్వో, పదవీ విరమణ చేసిన మతబోధకుడు. కథల కోసం తపించిన ఆ బాలుడు ఎలాంటి తండ్రి అయ్యాడో చూడండి. అన్యమతస్థుల కథలు మనకు తగవని, పిల్లలకు కథలు చెప్పవద్దని భార్యను శాసించాడు! అతని కొడుకు ఓబీని బడిలో ఒక జానపదకథ చెప్పమన్నారు. వాడు నిలబడి నోరు రాక ఏడ్చాడు. ఇంటికి వచ్చి తల్లితో చెప్పుకున్నాడు. ఆమె భర్త ప్రార్థన సమావేశానికి వెళ్లేదాకా ఆగి, కొడుకుకు రహస్యంగా ఒక కథ నేర్పింది. మతం మారింది, పేరు మారింది, కాని ఒకొంక్వో ఇంటి పద్ధతి మారలేదు. తండ్రిని పూర్తిగా తిరస్కరించామని అనుకున్న కొడుకులో ఆ తండ్రే మరొక వేషంలో కూర్చుని ఉండడం కంటె విషాదం ఏముంటుంది?

ఓబీ గ్రామసంఘం ఇచ్చిన అప్పుతో ఇంగ్లండులో చదివి, లేగోస్ నగరంలో ప్రభుత్వోద్యోగి అయ్యాడు. క్లారా అనే యువతిని ప్రేమించాడు. ఆమె ‘ఓసు’ వర్గానికి చెందినది. పూర్వం దేవతకు అంకితమైనవారిని, వారి సంతతిని ఓసులంటారు. తక్కినవారు వారితో వియ్యమందరు. మన దేశంలోని అస్పృశ్యతకు అది పూర్తిగా సమానం కాకపోయినా తెలుగు పాఠకునికి దాని స్వరూపం కొత్తగా ఉండదు. 1956లో నైజీరియా తూర్పు ప్రాంతపు శాసనసభ దానిని చట్టం ద్వారా రద్దు చేసింది. ఆచారం చట్టంతో పోలేదు. క్రీస్తు దృష్టిలో దాసుడూ స్వతంత్రుడూ ఒకటే కదా అని ఓబీ తండ్రినే ఆయన గ్రంథంతో ప్రశ్నించాడు. ఐజాక్ ఓసును జనం కుష్ఠువ్యాధి వలె చూస్తారని, ఆ ముద్ర తరతరాలకు అంటుతుందని చెప్పి కాదన్నాడు. తల్లి తాను బతికి ఉండగా ఈ పెళ్లి జరిగితే ప్రాణం తీసుకుంటానన్నది.

ఆ రోజులలోనే ఒక రాత్రి ఐజాక్ కొడుకుతో తన కథ చెప్పుకున్నాడు. తండ్రి తనను శపించిన సంగతి, తనను నాన్నా అని పిలిచిన బాలుణ్ణి ఆ తండ్రి చంపిన సంగతి చెప్పాడు. తాను నిప్పులో నడిచి క్రైస్తవుడినయ్యానని అన్నాడు. అచెబె రాసినవాటిలో నాకు అత్యంత హృద్యమైన ఘట్టం ఇదే. ఓబీ తండ్రితో గట్టిగా పోరాడలేకపోయాడు. తాతను ఎదిరించిన తండ్రికి కనీసం ద్వేషమనే బలం ఉన్నది. జాలి కలిగిన కొడుకుకు అది కూడా లేదు. క్లారా దూరమైంది, ఓబీ లంచం పుచ్చుకుని న్యాయస్థానంలో దోషిగా నిలబడ్డాడు.

‘ఆరో ఆఫ్ గాడ్’ (1964) వేరొక రీతిది. ఉలు దేవత పూజారి అయిన ఎజెవులు తన కొడుకు ఒదుచెను తానే చర్చికి పంపాడు, తెల్లవారి లోకంలో తనకు కన్నుగా ఉండమని. కన్నుగా పంపినవాడు పవిత్రమైన కొండచిలువను పెట్టెలో బంధించాడు. కొడుకు ఉపకరణం కాడని తెలుసుకొనేసరికి ఆ తండ్రికి ఆలస్యమైంది. ఈ నవల గురించి ప్రత్యేకంగా రాయవలసినంత ఉన్నది, ఇక్కడ తావు చాలదు.

తరువాతి తరం రచయిత్రి చిమామాండా న్గోజీ అదిచీ. న్సుక్కా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒకప్పుడు అచెబె నివసించిన ఇంట్లోనే ఆమె పెరగడం ఒక ముచ్చట. ఆమె నవల ‘పర్పుల్ హైబిస్కస్’ 2003లో వచ్చింది. ఇందులో యూజీన్ సంపన్నుడు, దానశీలి, నిరంకుశ పాలకులను ధైర్యంగా విమర్శించే పత్రికాధిపతి. అయినా పాత దేవతలను కొలుస్తున్నాడని కన్నతండ్రిని తన గడప తొక్కనివ్వడు. పిల్లలు తాతను చూడడానికి పదిహేను నిమిషాలు మాత్రమే అనుమతి. వారిలో కాంబిలీ అనే బాలిక సెలవులకు మేనత్త ఇంటికి వెళ్లినప్పుడు తాత కూడా అక్కడికి వస్తాడు. ఆయన సాయంకాలం పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని తాబేలు డిప్ప ఎందుకు పగిలిందో కథ చెబుతాడు. మధ్యమధ్య వచ్చే పల్లవికి తక్కిన పిల్లలందరూ గొంతు కలుపుతారు. కాంబిలీకి మాత్రం గొంతు పెగలదు. తాను కూడా అందరితోపాటు పలకాలని లోలోపల కోరుకుంటూ వింటూ కూర్చుంటుంది.