పిల్లల పత్రికలో పెద్దల పెత్తనం

హైస్కూలు పత్రిక ఒకటి మీ చేతికొచ్చిందనుకోండి. మొదటి పేజీలో వ్యవస్థాపకులవారు, దండతో సహా. రెండో పేజీలో కరస్పాండెంటుగారి సందేశం. ఆ తర్వాత హెడ్మాస్టారి 'నా మాట', తెలుగు మాస్టారి సీసపద్యాలు, ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ల ఫోటోలు, బట్టల కొట్టు ప్రకటన. పిల్లలెక్కడా అని వెతగ్గా వెతగ్గా, చిట్టచివర నాలుగు పొడుపుకథలూ, అరిగిపోయిన జోకులు అరడజనూ, 'సమయపాలన' మీద ఒక వ్యాసమూ దొరుకుతాయి. దాని కింద తొమ్మిదో తరగతి అనే ఉంటుంది గానీ, అందులోని 'కాలచక్రం', 'అవిరళ కృషి' వగైరాలు చూస్తే రాసినవారికి నలభై ఏళ్లకు తక్కువుండవని పందెం కాస్తాను.

దీన్ని పిల్లల పత్రిక అనడం, పెళ్లికొడుకు లేని పెళ్లిని పెళ్లి అనడమే.

కాగితం నున్నగా ఉందనీ, రంగుల అట్ట వేశారనీ మురిసిపోతాం మనం. నా మటుకు నాకు ఒక్కటే పరీక్ష. పిల్లలు తమంతట తాము అడిగి తెలుసుకున్న సంగతి, పెద్దలకు తెలియనిదో, తెలిసీ ఊరుకున్నదో, ఒక్కటైనా అందులో ఉందా?

"చాల్లెద్దూ, పసివాళ్లకి అంత ఎక్కడ చేతనవుతుందీ?" అంటారు మా ఎదురింటి పిన్నిగారు.

ఎందుకు చేతకాదు? అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి హైస్కూలు పిల్లల పత్రిక 'బూస్టర్ రిడక్స్'. 2017లో ఆ బడికి కొత్త ప్రిన్సిపాల్‌గా ఒకావిడను ఎంపిక చేశారు. పిల్లలు ఆవిడ గురించి రాద్దామని బయల్దేరి, పెద్ద డిగ్రీలు తీసుకున్నానని ఆవిడ చెప్పిన విశ్వవిద్యాలయం కోసం వెతికారు. దాని వెబ్‌సైటే సరిగా పనిచెయ్యలేదు. గుర్తింపు ఉన్న దాఖలా లేదు. ఆవిడనే అడిగారు, అడిగినకొద్దీ లెక్క కుదరలేదు. పత్రిక చూసే టీచరు ప్రిన్సిపాల్‌ని ఎంపిక చేసే సంఘంలో ఉన్నారు గనక, ఆ వ్యాసం జోలికి తాను రానని తప్పుకున్నారు. (మర్యాదంటే అదీ!) మార్చి 31న వ్యాసం అచ్చయింది. ఏప్రిల్ 4న ఆవిడ రాజీనామా ఇచ్చేశారు. జీతాలు తీసుకునే పెద్దలెవరూ పట్టించుకోని సంగతి ఇది!

ఆ పిల్లలేం ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాళ్ల వెనక ఒక చట్టం ఉంది, దాని వెనక ఒక దెబ్బ ఉంది. 1983లో మిస్సోరీ రాష్ట్రంలో, హేజెల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో, విద్యార్థినులు గర్భవతులవడం గురించీ, తల్లిదండ్రుల విడాకులు పిల్లల్ని ఏం చేస్తాయన్నదాని గురించీ పిల్లలు తమ పత్రికకు రాస్తే, ప్రిన్సిపాల్ ఏకంగా రెండు పేజీలు లేపేశారు. ముగ్గురు విద్యార్థినులు కోర్టుకెక్కారు. 1988లో సుప్రీంకోర్టు, అయిదుగురు ఇటు ముగ్గురు అటుగా, బడి పక్షమే తీర్పిచ్చింది. ఆ ప్రిన్సిపాల్ భయాల్లో న్యాయం బొత్తిగా లేదనను. పేర్లు మార్చినా ఆ అమ్మాయిలెవరో పోల్చుకుంటారనీ, విడాకుల వ్యాసంలో తల్లిదండ్రులకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వలేదనీ ఆయన బాధ. సరే, ఆ మాట పిల్లలకే చెప్పి, "వెళ్లి వాళ్లనీ అడిగి రండి" అంటే అది చదువు. కత్తిరించి పారేస్తే, కత్తెర ఎవరి చేతిలో ఉందో తప్ప పిల్లలు నేర్చుకునేదేముంది? ఆ తీర్పు వచ్చాక నాలుగేళ్లకి, 1992లో, కాన్సస్ తన సొంత చట్టం చేసుకుంది: వివాదాస్పదం అన్న ఒక్క కారణంతో పిల్లల రాతలు ఆపడానికి వీల్లేదని. పిట్స్‌బర్గ్ పిల్లలు ఆ నీడనే రాశారు.

ఇక మన వీధికి వద్దాం. పైన చెప్పిన పిన్నిగారి మనవరాలే, ఎనిమిదో తరగతి, వాళ్ల స్కూలు పత్రికకి ఒక పేజీ రాసుకెళ్లింది. రెండో పీరియడు దాటితే ఆడపిల్లల బాత్‌రూముల్లో నీళ్లుండవనీ, అందుకని తామెవరూ మంచినీళ్లే తాగడం లేదనీ. "బడి పరువేం కావాలి?" అన్నారట. ఆ జాగాలో 'నీటి పొదుపు' మీద వ్యాసం వేశారు! ఇంట్లో తల్లి కూడా "నీకెందుకే ఈ గొడవ" అనేసింది. పొద్దుటినుంచి సాయంత్రందాకా బిగబట్టుకు కూర్చునే ఆడపిల్ల ఒంటికి ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా అండీ? మన పిల్ల రాయకపోతే ఆ సంగతి ఎవరు రాస్తారు?

అబద్ధాలు రాస్తే, అంటారా? రాయకుండా నేర్పండి. కొళాయిలెన్ని, ఎన్నింట్లో నీళ్లొస్తున్నాయి, ఎన్ని రోజులు వెళ్లి చూసింది, అడిగితే హెడ్‌మిస్ట్రెస్ ఏం జవాబిచ్చారు, ఇవన్నీ రాయించండి. ఏ ఆయానో పేరు పెట్టి అల్లరి చెయ్యొద్దనండి. అంతేగానీ కలం లాక్కుని మీరు రాసిపెట్టకండి.

డబ్బు సంగతి నా దగ్గర ఎత్తకండి. ఢిల్లీలో వీధిపిల్లలు, పనిచేసుకు బతికే పిల్లలు 2003లో 'బాలక్‌నామా' అని హిందీ పత్రిక మొదలుపెట్టారు. రాయడం రానివాళ్లు నోటితో చెబుతుంటే, వచ్చినవాళ్లు రాసుకున్నారు. మన బళ్లలో గోడపత్రిక పాత అలవాటే. ఒక డ్రాయింగు కాగితం, నాలుగు స్కెచ్ పెన్నులు, కాస్త జిగురు, అంతేగా!

వచ్చే పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు మార్కుల సంగతి ఎలాగూ అడుగుతారు. వరండాలో అద్దాల చట్రంలో గోడపత్రిక కనిపిస్తే ఓ నిమిషం ఆగి చదవండి. దాని మీద తేదీ కిందటేటి ఆగస్టు పదిహేను అని ఉంటే మాత్రం, ఆ చట్రం తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని మరీ రండి.