ఏ చదువుకు ఉపకారవేతనం?

విదేశాల్లో పై చదువులకు ఉపకారవేతనం అనగానే మనకు ముందు డబ్బే గుర్తుకు వస్తుంది. ఫీజు ఎవరు కడతారు, దారిఖర్చు ఎవరిస్తారు అని అడుగుతాం. ఆ లెక్క అవసరమే. అయితే డబ్బుతోపాటు షరతులు కూడా వస్తాయి. వాటి గురించి మనం అంతగా మాట్లాడుకోం.

డాక్టర్ అంబేద్కర్ జీవితం మీకు కొంత తెలిసే ఉంటుంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకు ఉపకారవేతనం మంజూరు చేశారు. తిరిగివచ్చాక సంస్థానంలో పదేళ్ళు పనిచేస్తానని అంబేద్కర్ ఒప్పందం రాసిచ్చారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి 1915లో ఎం.ఏ. పూర్తిచేశారు. తర్వాత లండన్ వెళ్ళారు. ఉపకారవేతనం గడువు తీరిపోవడంతో 1917లో అక్కడి చదువు మధ్యలోనే వదిలి రావలసి వచ్చింది.

ఒప్పందం ప్రకారం బరోడా వెళ్ళారు. అంత చదివివచ్చిన మనిషికి ఊళ్ళో ఉండటానికి చోటు దొరకలేదు. పేరు మార్చుకొని ఒక సత్రంలో దిగితే, పదకొండో రోజున కొందరు కర్రలతో వచ్చి వెళ్ళిపొమ్మన్నారు. చివరికి బరోడానే వదిలేశారు.

చదువుకున్నవారు తిరిగివచ్చి పనిచేయాలన్న షరతు తప్పని నేను అనను. బ్రిటన్ ప్రభుత్వం 1983లో ప్రారంభించిన చీవెనింగ్ పథకంలోనూ చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న నియమం ఉంది. కాని రమ్మన్న చోట నిలువనీడ కూడా ఉండాలి కదా!

ఇక రెండో రకం షరతు. షెడ్యూల్డు కులాలు, మరికొన్ని వర్గాల విద్యార్థులను విదేశాలకు పంపడానికి మన కేంద్రప్రభుత్వం 1950ల నుంచి ఒక పథకం నడుపుతోంది. 2022లో దానికి ఒక నిబంధన చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం గురించి పరిశోధన చేసేవారికి ఈ సహాయం ఇవ్వరు.

ఇక్కడి సంగతులు ఇక్కడే చదవవచ్చు కదా అని మీరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. పుస్తకాలూ, పాత కాగితాలూ ఇక్కడే ఎక్కువ. అయినా ఆ నిబంధన సరికాదని నా అభిప్రాయం. భారతదేశంలోని కులాల గురించి అంబేద్కర్ తన తొలి పరిశోధన పత్రాన్ని 1916 మే 9న చదివింది కొలంబియాలోనే. కులం గురించి ఆయనకు అమెరికావారు కొత్తగా చెప్పవలసింది ఏముంది? చిన్ననాటి బడిలోనే అనుభవించారు. అక్కడ దొరికింది వేరు. ఎవరూ నీ కులమేమిటని అడగని తరగతి గదిలో కూర్చొని దాని గురించి ఆలోచించే వీలు దొరికింది. విదేశాల్లో గడిపిన కాలంలో తాను అంటరానివాడినన్న స్పృహే పోయిందని ఆయన తర్వాత రాసుకున్నారు.

మధ్యలో ఆగిన లండన్ చదువు సంగతి కూడా చెప్పాలి. 1918లో బొంబాయిలో కళాశాల అధ్యాపకుడిగా చేరి జీతంలో కొంత మిగుల్చుకున్నారు. కొల్హాపూర్ మహారాజు శాహూ కొంత సాయం చేశారు. ఒక మిత్రుడు అప్పు ఇచ్చాడు. 1920లో మళ్ళీ ఓడ ఎక్కి, 1923లో డి.ఎస్సీ. పట్టం పుచ్చుకున్నారు. ఆ పరిశోధన మన రూపాయి గురించి.