కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి ఎందుకెళ్లింది? ఓ మాజీ సీఈఓ ప్రయాణం చెప్పే లెక్క ఇదీ!

2022లో ఐఎస్‌ఎల్ చాంపియన్. 2025కి పేరు లేదు, ఊరు లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ కాస్తా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. కావలి నుంచి దూరం చూస్తే చెన్నై టీమే దగ్గర. కానీ 'మనది' అని చెప్పుకోవడానికి రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి ఐఎస్‌ఎల్‌లో ఉన్న ఒక్క టీమ్ ఇదే. అదీ పోయింది. అసలేం జరిగింది?

సీఈఓ నుంచి ఓనర్‌గా..

2016లో సచిన్‌తో కలిసి చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ కేరళ బ్లాస్టర్స్‌లో వాటా కొన్నారు. ఆ క్లబ్‌కి సీఈఓగా పనిచేసిన తెలుగువాడు వరుణ్ త్రిపురనేని. 2019లో పుణె సిటీ క్లబ్ మూతపడటంతో లీగ్‌లో ఓ స్థానం ఖాళీ అయింది. విజయ్ మద్దూరితో కలిసి వరుణ్ దాన్ని హైదరాబాద్‌కి తెచ్చారు. నిన్నటిదాకా వేరేవాళ్ల టీమ్ నడిపిన మనిషి ఇప్పుడు సహ యజమాని.

మొదటి సీజన్ దారుణం. 18 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే, ఆఖరి స్థానం. తర్వాత కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక సీన్ మారిపోయింది. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. ఎదురుగా ఎవరో కాదు, వరుణ్ పాత టీమ్ కేరళ బ్లాస్టర్సే! 1-1తో సమమైతే షూటౌట్‌లో 3-1తో హైదరాబాద్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు.

మెలిక ఇక్కడే

కోవిడ్ వల్ల ఆ సీజన్, దాని ముందు సీజన్ మొత్తం గోవాలోనే జరిగాయి. అంటే చాంపియన్ అయిన ఏడాది గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. సొంతూళ్లో టికెట్లు అమ్మలేదు, ఫ్యాన్స్ అలవాటు పడలేదు. ఖర్చు మాత్రం ఆగలేదు. ఐఎస్‌ఎల్‌లో చాలా క్లబ్బులు నష్టాల్లోనే నడుస్తాయి. ఓనర్ జేబులోంచి డబ్బు వస్తున్నంత కాలమే ఆట.

2022-23లో సొంత గ్రౌండ్‌కి వచ్చి రెండో స్థానంలో నిలిచినా డబ్బు కష్టాలు తీరలేదు. 2023-24లో జీతాల బకాయిలతో ఆటగాళ్లు వెళ్లిపోయారు. కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. 2024లో క్లబ్ బీసీ జిందాల్ గ్రూప్ చేతికెళ్లింది. మరుసటి ఏడాది ఢిల్లీకి మకాం.

హైదరాబాద్‌కి ఇది కొత్త కాదు

2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ కూడా డబ్బు ఇబ్బందులతోనే 2012లో రద్దయింది. కానీ వెంటనే సన్ టీవీ ఏటా 85.05 కోట్లకు హైదరాబాద్ ఫ్రాంచైజీ కొనుక్కుంది. కారణం సింపుల్. ఐపీఎల్‌లో టీవీ హక్కుల సొమ్ములో టీమ్‌లకు వాటా వస్తుంది. 2023-27 హక్కులే 48,390 కోట్లు పలికాయి. ఫుట్‌బాల్‌లో ఆ ఊతం లేదు. అందుకే కొన్నవాళ్లు దొరికినా, టీమ్ ఊళ్లో నిలవలేదు.

రేపు విజయవాడకో, వైజాగ్‌కో కొత్త ఫ్రాంచైజీ అంటే జెర్సీ లాంచ్ వీడియో మనందరం షేర్ చేస్తాం. దాంతోపాటు ఒక్కటి అడగాలి: ఓనర్ చేతులెత్తేస్తే ఆటగాళ్ల జీతాలకు పూచీ ఎవరు? 2023-24లో ఆ పూచీ లేకే ఆటగాళ్లు మధ్యలో బ్యాగులు సర్దుకున్నారు.