ఆ ఒక్క మరకను వదలొద్దు

15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిది మందికి పైనే. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. వీటిలో తప్పనిసరి ఆపరేషన్లూ ఉంటాయి: మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, జారిన గర్భసంచి. కానీ తెల్లబట్టకో, నడుము నొప్పికో వెళ్లిన ముప్పై ఏళ్ల కోడలిని ‘గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అని బెదరగొట్టి బల్ల ఎక్కించడం మన పల్లెలకు కొత్త కాదు. అలాంటి ఇంట్లోనే అరవై ఏళ్ల అత్తకు, ముట్లు ఆగిన పదేళ్లకు మళ్లీ రక్తం కనిపిస్తే ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగించి ఊరుకుంటారు. అక్కర్లేని చోట క్యాన్సర్ పేరు కత్తి పట్టిస్తోంది. అనుమానించి తీరాల్సిన చోట ఆ పేరే ఎవరికీ తట్టడం లేదు. గర్భాశయ క్యాన్సర్‌పై అవగాహన అంటే ముందుగా ఈ తలకిందుల వ్యవహారాన్ని సరిదిద్దడమే.

గర్భసంచి క్యాన్సర్ అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది గర్భాశయ ముఖద్వారానికి వచ్చేది. దాదాపు ప్రతి కేసు వెనుకా హెచ్‌పీవీ వైరస్ ఉంటుంది. దానికి టీకా ఉంది. పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్షలతో క్యాన్సర్‌గా ముదరకముందే పట్టుకోవచ్చు. రెండోది గర్భసంచి లోపలి పొర అయిన ఎండోమెట్రియంలో పుట్టేది. దీనికి టీకా లేదు. పాప్ స్మియర్‌లో ఏమీ తేలనంత మాత్రాన ఇది లేదని ధీమా పడటానికీ లేదు. లక్షణాలు లేనివారందరికీ ముందస్తుగా చేయదగ్గ పరీక్షా లేదు. అయితే ఈ జబ్బు చాలావరకు చెప్పే వస్తుంది. ముట్లు ఆగాక దీని బారిన పడినవారిలో పదికి తొమ్మిది మందికి రక్తస్రావం కనిపిస్తుంది. చివరి ముట్టు తర్వాత ఏడాది గడిచాక ఒక్క మరక కనిపించినా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. స్కానింగ్‌లో పొర మందం చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. గర్భసంచి దాటకముందే పట్టుబడితే వందలో తొంభై మందికి పైగా ఐదేళ్ల తర్వాతా బతికి ఉంటున్నారని అమెరికా క్యాన్సర్ లెక్కలు చెబుతున్నాయి. ఏ యంత్రమూ ముందుగా చూడని దాన్ని ఇక్కడ మహిళే చూడాలి.

ఆ ఎరుక అవసరం మనకు ఏటికేడు పెరుగుతోంది. ముట్లు ఆగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీ తగ్గించినా, ఒంట్లో పేరుకున్న కొవ్వు దాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. అదుపు చేసే ప్రొజెస్టెరాన్ లేకపోవడంతో గర్భసంచి పొర మందమవుతూ పోతుంది. ఊబకాయానికీ ఈ క్యాన్సర్‌కూ ఉన్న గట్టి ముడి ఇదే. అధిక బరువున్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతమని ఆ ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేయే తేల్చింది. మధుమేహం, పీసీఓఎస్, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ కూడా ముప్పును పెంచుతాయి. అంటే షుగర్ మాత్రల కోసం నెలనెలా ఆసుపత్రి మెట్లెక్కే మహిళకే ఈ సంగతి అందరికంటే ముందు తెలియాలి.

క్యాన్సర్ గురించి ప్రచారం చేస్తే భయం పెరిగి ఆపరేషన్లు ఇంకా ఎక్కువవుతాయని కొందరి అభ్యంతరం. తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఆపరేషన్ల వైపు తోసేది తెలిసీ తెలియని భయమే. ముట్లు ఆగాక రక్తం కనిపించిన పదిమందిలో క్యాన్సర్ తేలేది సుమారు ఒకరికి. మిగతావారికి పొర పలచబడటమో, పాలిప్ లాంటి హాని తక్కువ కారణమో ఉంటుంది. కాబట్టి పరీక్ష మానకూడదు, పరీక్ష కాకముందే కత్తికి ఒప్పుకోకూడదు. తెల్లబట్ట అయినంత మాత్రాన క్యాన్సర్ కాదని, బయాప్సీ లేనిదే క్యాన్సర్ అని తేల్చకూడదని తెలిసిన మహిళను బెదిరించడం కష్టం. ‘పిల్లలు పుట్టేశారు, ఇక గర్భసంచితో పనేముంది, తీసేస్తే బెడద వదులుతుంది’ అనే మరో వాదన ఉంది. ముప్పైల్లో అండాశయాలతో సహా తీసేస్తే ముట్లు ఒక్కసారిగా ఆగి ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. వస్తుందో రాదో తెలియని జబ్బు పేరు చెప్పి మరిన్ని జబ్బులకు తలుపు తీయడం వైద్యం అనిపించుకోదు.

అనవసర గర్భసంచి తొలగింపులను అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు నెలల్లో వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఈ ఆపరేషన్ చేయించుకున్న మహిళల వాటా ఆ సర్వేలో దేశంలోనే ఎక్కువగా తేలిన రెండు తెలుగు రాష్ట్రాలూ 40 ఏళ్లలోపు మహిళలకు ఏ ఆసుపత్రి ఎన్ని చేసిందో, ఎందుకు చేసిందో ప్రజల ముందుంచాలి. ఇక ఆశా కార్యకర్త ఇంటింటా నింపే ఆరోగ్య ఫారంలో ముట్లు ఆగాక రక్తస్రావం ఉందా అన్న ప్రశ్న ఇప్పటికే ఉంది. దాన్ని గుమ్మంలో నిలబడి, మగవాళ్ల ముందు అడిగితే నిజం రాదు. చాటుగా, నిదానంగా అడగాలి. అవునన్న ప్రతి మహిళకూ ఏరియా ఆసుపత్రిలో స్కానింగ్, బయాప్సీ ఉచితంగా, రోజుల వ్యవధిలో జరగాలి. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో ఈ మాట పొదుపు లెక్కంత మామూలుగా వినపడాలి. అత్తకు సకాలంలో పరీక్ష అందాలి, కోడలికి తన గర్భసంచి దక్కాలి. మన అవగాహన కార్యక్రమాలను కొలవాల్సింది ఈ రెండింటితోనే.